తిరుపతి వీధిని జాజ్ లెక్కలో పెయింట్ చేయడం ఎట్టా

జాజ్ అంటే అమెరికాలో నల్లవాళ్ళ చేతుల్లో పుట్టిన సంగీతం. జాజ్ పెయింటింగ్ అని వెతికితే వచ్చేవన్నీ ఒకటే రకం, టోపీ పెట్టుకున్న మనిషి, చేతిలో సాక్సాఫోన్, వెనకాల నీలం పొగ. అవి హోటల్ గోడలకి బాగుంటాయి, మనం వాటి జోలికి పోవట్లేదు. 1920ల నుంచి 1950ల దాకా న్యూయార్క్‌లో కొంతమంది పెయింటర్లు వేరే పని చేశారు, వాయిద్యాన్ని వేయకుండా ఆ సంగీతంలో ఉండే దెబ్బని, దెబ్బకీ దెబ్బకీ మధ్య ఖాళీని, అదే ముక్కని తిరగేసి మళ్ళీ వాయించడాన్ని తీసుకుని వీధిలో కనపడే బోర్డుల మీదకి, స్తంభాల మీదకి, బస్సుల మీదకి ఎక్కించారు. అదే పని మన తిరుపతిలో, లీలామహల్ సెంటర్‌లోనో గాంధీ రోడ్డులోనో నిలబడి, మామూలు షాపులో దొరికే రంగులతో ఎట్టా చేయాలో రాస్తా ఉండా. బొమ్మలు వేయడం రాకపోయినా పర్లేదు, స్కేలు పట్టుకోవడం వస్తే చాలు. నిజం చెప్పాలంటే బాగా గీసేవాళ్ళకే ఇది కష్టం, వాళ్ళ చెయ్యి ఊరికే ఉండదు, షేడింగ్ వైపు లాగతా ఉంటుంది.

మనం ఎక్కువగా పట్టుకోబోయే మనిషి స్టూవర్ట్ డేవిస్. 1892లో ఫిలడెల్ఫియాలో పుట్టాడు, న్యూయార్క్‌లో రాబర్ట్ హెన్రీ అనే మాస్టారి దగ్గర నేర్చుకున్నాడు, ఆ మాస్టారేమో క్లాసులో విగ్రహాలు చూసి గీసింది చాలు, బయటికి పోయి ఊరిని చూడండి అనే రకం. కుర్రాడు బయటికి పోయి న్యూయార్క్ పక్కనుండే నెవార్క్ ఊరి సారా కొట్లలో నల్లజాతి పియానో వాయిద్యగాళ్ళ రాగ్‌టైమ్, అంటే జాజ్‌కి ముందు నడిచిన సంగీతం, వింటా కూర్చున్నాడు, అప్పటినుంచి చచ్చిపోయేదాకా అంటే 1964 దాకా ఆ పిచ్చి వదల్లేదు. ఎంత పిచ్చి అంటే 1952లో కొడుకు పుడితే జార్జ్ ఎర్ల్ అని పేరు పెట్టాడు, జార్జ్ వెట్‌లింగ్ అనే డ్రమ్మర్ పేరూ ఎర్ల్ హైన్స్ అనే పియానిస్ట్ పేరూ కలిపి. మన దగ్గర వెంకటేశా అని పెట్టుకున్నట్టు ఆయనకి అదే భక్తి అనుకోండి.

ఇంగ పనిలోకి దిగుదాం. మొదటి పని రంగులు కొనడం కాదు, ఒక లిస్టు రాయడం. డేవిస్ 1943లో ఒక వ్యాసం రాశాడు, తనని పెయింటింగ్ వైపు తోసినవి ఏంటో అందులో వరసగా చెప్పాడు, పెట్రోల్ బంకుల మీద మెరిసే రంగులు, చైన్ స్టోర్ల ముందు భాగాలు, టాక్సీలు, ఎలక్ట్రిక్ బోర్డులు, రైల్లో కార్లో విమానంలో స్పీడుగా పోవడం వల్ల కళ్ళకి వచ్చిన కొత్త చూపు, అయిదు పది సెంట్ల కొట్లో దొరికే వంటింటి సామాను, సినిమాలు, రేడియో, వీటి మధ్యలోనే ఎర్ల్ హైన్స్ పియానో. గమనించండి, సంగీతాన్ని వేరే గదిలో పెట్టి దండం పెట్టలేదు, టాక్సీ పక్కనే కూర్చోబెట్టాడు. మీరు కూడా ఒక సాయంత్రం లైట్లు వెలిగే టైంకి పోయి అట్టాంటి లిస్టే రాయండి. నాదైతే ఇట్టా ఉంటుంది, గుడి గోడ మీద సున్నం పట్టీ జాజు అంటే ఎర్రమన్ను పట్టీ మళ్ళీ సున్నం పట్టీ, లాడ్జిల పేర్లు నిలువుగా వెలిగే బోర్డులు, శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ స్తంభాలు ఒకదాని వెనక ఒకటి, ఇత్తడి సామాన్ల కొట్లో వేలాడే గంటలు, పూల కొట్ల దగ్గర నీలం టార్పాలిన్, కొత్తగా గుండు చేయించుకుని గంధం పూసుకున్న తలలు వరసగా, కొండకా సామీ కొండకా సామీ అని జీపు డ్రైవర్లు అరిచే అరుపు. చివరిది చూసేది కాదు కదా అనొద్దు, అదే అన్నింటికన్నా ముఖ్యం, ఎందుకో కిందికి పోతే తెలుస్తుంది.

లిస్టులో గోపురం, ఏడు కొండలు రాకుండా చూసుకోండి. ఇది నా అభిప్రాయమే, భక్తికి సంబంధం లేదు. అవి పెట్టిన మరుక్షణం చూసేవాళ్ళు దండం పెట్టుకుని ముందుకి పోతారు, రంగుల వైపు చూడరు. గోపురం లేకపోతే ప్రాణం ఒప్పుకోదు అంటే దాని అంతస్తులు పైకి పోయే కొద్దీ ఎట్టా చిన్నవి అవుతా ఉంటాయో ఆ తగ్గుదల మాత్రం తీసుకోండి.

రెండో పని వినడం, దీనికి తొందరపడొద్దు. ఎర్ల్ హైన్స్ పియానో యూట్యూబ్‌లో దొరుకుతుంది, 1928లో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ ట్రంపెట్, హైన్స్ పియానో ఇద్దరే ఉన్న రికార్డు ఒకటి ఉంది, దానితో మొదలుపెడితే మంచిది, మూడు నిమిషాలే, వేరే వాయిద్యాలు అడ్డం రావు. కర్ణాటక సంగీతం చెవి ఉన్నోళ్ళకి ఇది సులువు, లేనోళ్ళు కూడా తొడ మీద చెయ్యి వేసుకుని ఒకటి రెండు మూడు నాలుగు లెక్క పెట్టండి. మనం ఆదితాళంలో మొదటి దెబ్బకి చెయ్యి గట్టిగా వేస్తాం, జాజ్‌లో చప్పట్లు రెండు నాలుగు మీద పడతాయి, ఇది ఒళ్ళు పట్టుకోవడానికి కొంచెం టైం పడుతుంది. ఇంగ హైన్స్ చేసే పని ఏంటంటే ఎడమ చెయ్యి తిన్నగా పోతా పోతా ఉన్నట్టుండి ఆపేస్తాడు, లేకపోతే పక్కకి తప్పుకుంటాడు, కుడి చేత్తో ట్రంపెట్ ఊదినట్టు గట్టిగా ఒక ముక్క వేస్తాడు, మళ్ళీ సరిగ్గా లెక్కలో దిగుతాడు. దెబ్బ కంటే ముందే పల్లవి ఎత్తుకునే అతీతం మన ఎస్వీ సంగీత కళాశాల పిల్లలకి బాగా తెలుసు, ఆ తెలివితో వింటే హైన్స్ పట్టుబడతాడు.

రొమారె బేర్డెన్ అనే పెయింటర్ డేవిస్‌ని సలహా అడిగితే ఆయన పెయింటింగ్ పుస్తకాలేం చెప్పలేదు, పోయి హైన్స్‌ని విను, స్వరాలు కాదు స్వరాల మధ్య ఖాళీలు విను అన్నాడు. బేర్డెన్ అట్టాగే విని విని పాట మర్చిపోయి ఖాళీలే మిగిలేదాకా విన్నాడు. తర్వాత ఆయన చేసిన కొలాజ్‌లలో, అంటే కాగితం ముక్కలు అంటించి చేసే బొమ్మల్లో, ముక్కకీ ముక్కకీ మధ్య దూరాలు చూడండి, ఏదీ ఊరికే పడలేదు. నా మాట ఏంటంటే ఈ మొత్తం పద్ధతిలో పట్టుకోవాల్సింది ఇదొక్కటే, వస్తువులు ఎవరైనా పెడతారు, వాటి మధ్య ఎంత వదలాలి అనేదే పెయింటింగ్.

ఇప్పుడు మళ్ళీ జీపు డ్రైవర్ దగ్గరికి. వాడి అరుపుని పేపర్ మీద గుర్తులుగా రాయండి, కొండకా దగ్గర పొడుగు గీత, సామీ దగ్గర పొట్టి గీత, ఊపిరి తీసుకునే చోట ఖాళీ, మధ్యలో పక్క జీపు వాడు అడ్డం వస్తే వేరే రంగు గీత. అర పేజీ నిండేసరికి మీ దగ్గర ఒక తాళం ఉంటుంది, ఈ ఊరిది, ఇంకెక్కడా దొరకనిది. పొద్దున లౌడ్‌స్పీకర్ల నుంచి వచ్చే దానితోనూ చేయొచ్చు కానీ రెండు మూడు చోట్ల నుంచి ఒకేసారి వస్తాయి, మొదటిసారి గందరగోళం అవుతుంది.

స్కెచ్ చేయడానికి పోయేటప్పుడు చిన్న నోటుబుక్కు, నల్ల స్కెచ్ పెన్ను, అంతే. మూడు చోట్ల నిలబడి మూడు స్కెచ్‌లు, ఒక్కోటి అయిదు నిమిషాలకి మించకుండా, మనుషులొద్దు, నీడలొద్దు, దూరం పోయే కొద్దీ చిన్నగా అవ్వడం అసలే వద్దు. అన్నీ ఒకే గోడ మీద అంటించినట్టు. డేవిస్ 1931లో వేసిన ఒక పెయింటింగ్‌లో న్యూయార్క్ వీధిని మధ్యలో నిలువుగా రెండు ముక్కలు చేసి రెండు వేర్వేరు చూపులు పక్కపక్కన పెట్టాడు, ఒక అడుగు వేసి తల తిప్పితే కనపడేవి రెండూ ఒకే చట్రంలో. మీరు కూడా స్కెచ్‌లని అట్టా పక్కన పెట్టొచ్చు, లేదా ట్రేసింగ్ పేపర్ మీద ఎత్తుకుని ఒకదాని మీద ఒకటి జరపొచ్చు. స్తంభం ఒక స్కెచ్‌లోది, బోర్డు ఇంకో దాంట్లోది, రెండూ కలిసిన చోట కొత్త ఆకారం పుడుతుంది, అది మీరు గీసింది కాదు, అదే కావాలి. రష్‌లో నిలబడితే పక్కనోళ్ళు వచ్చి ఏం గీస్తుండారు అన్నా అని అడగతారు, ల్యాండ్ సర్వేనా అని కూడా అడగతారు, నవ్వేసి కానియ్యండి.

అక్షరాల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ మనకి న్యూయార్క్ వాళ్ళకన్నా పెద్ద ఆస్తి ఉంది. డేవిస్ 1921లోనే సిగరెట్ పెట్టె మీది అక్షరాలని పెయింటింగ్ చేశాడు, 1924లో నోరు పుక్కిలించే మందు సీసాని దాని పేరుతో సహా వేశాడు, 1950లో అగ్గిపుల్లల అట్ట మీద స్పార్క్ ప్లగ్ కంపెనీ ప్రకటనలో ఉన్న ఛాంపియన్ అనే మాటని పెద్దగా ఎత్తుకుని పెయింటింగ్ మొత్తం దాని చుట్టూ కట్టాడు. అయితే ఆయన దగ్గర ఉన్నది ఒక్క లిపి, ఎక్కువగా నిలువు గీతలు అడ్డం గీతలు. తిరుపతిలో ఒక్క బోర్డు మీదే తెలుగు, తమిళం, కన్నడం, హిందీ, ఇంగ్లీషు ఉంటాయి, యాత్రికుల కోసం రాసినవి మనకి పనికొస్తాయి. హిందీ అక్షరాల మీద పోయే అడ్డగీత జాజ్‌లో కింది స్వరం పట్టే బేస్ వాయిద్యం లాగా నిలకడగా పోతుంది, తమిళం మూలలు తిరిగి కింద ఆగుతుంది, మన తెలుగు గుండ్రంగా దొర్లతా తల మీద తలకట్టు టిక్కు టిక్కు అని పడతా ఉంటుంది, డ్రమ్మర్ సింబల్ అనే ఇత్తడి పళ్ళెం మీద వేసే చిన్న దెబ్బల్లాగే. ఒక లాడ్జి బోర్డు తీసుకుని అక్షరాలు తీసేసి తలకట్లు, కొమ్ములు, సుడులు మాత్రం వాటి చోట్లలో ఉంచి చూడండి, చదవడానికి ఏం ఉండదు కానీ తెలుగు అని తెలిసిపోతుంది.

ఒక జాగ్రత్త, మాట మొత్తం చదవగలిగేట్టు ఉంటే కన్ను చదివేసి వెళ్ళిపోతుంది, అస్సలు చదవలేకపోతే డిజైన్ అయిపోతుంది. సగం మాట అంచు అవతలికి పోనీయండి, లేదా ఒక అక్షరాన్ని చేతి సైజు చేసి దాని పక్కదాన్ని గోరు సైజు చేయండి. తెలుగు గుండ్రాలు టేపుతో రావు, వాటికి గిన్నెలు, మూతలు, గాజులు పెట్టి గీసుకోవాలి, మా వైపు బోర్డులు రాసే పెయింటర్లని చూస్తే చిటికెన వేలు బోర్డుకి ఆనించి బ్రష్షుని తిప్పేస్తారు, ఆ పట్టు నేర్చుకోవాలంటే ఎవరైనా రాస్తుంటే పక్కన నిలబడండి, ఫ్లెక్సీలు వచ్చాక వాళ్ళు తక్కువయ్యారు కానీ లేకపోలేదు.

ఇంగ పేపర్ మీద లెక్క. దీనికి ఇంకో మనిషి కావాలి, పీట్ మోండ్రియాన్, ఈయన అమెరికా ఆయన కాదు, నెదర్లాండ్స్ ఆయన, యుద్ధం నుంచి తప్పించుకుని 1940 అక్టోబర్‌లో 68 ఏళ్ళ వయసులో న్యూయార్క్‌లో దిగాడు. అక్కడ హ్యారీ హోల్ట్జ్‌మన్ అనే స్నేహితుడు బూగీ వూగీ అనే పియానో సంగీతం రికార్డులు పెట్టి వినిపించాడు, ముసలాయన పడిపోయాడు. బూగీ వూగీలో ఎడమ చెయ్యి ఒక్కో ఆవర్తానికి ఎనిమిది దెబ్బలు ఆగకుండా అదే ముక్క వాయిస్తా ఉంటుంది, కుడి చెయ్యి దాని మీద తిరగబడతా ఉంటుంది. 1942, 43లో బ్రాడ్‌వే బూగీ వూగీ అని 127 సెంటీమీటర్ల చదరం పెయింటింగ్ వేశాడు, అన్నేళ్ళూ ఆయన పేరు చెప్తే గుర్తొచ్చే నల్ల గీతలు అందులో లేవు, గీతలు పసుపు అయిపోయాయి, వాటి మధ్యలో ఎరుపు నీలం బూడిద రంగు చిన్న చదరాలు, న్యూయార్క్ వీధుల మీద ట్రాఫిక్ ఆగి కదిలినట్టు. ఇది ఇప్పుడు న్యూయార్క్ మోమా మ్యూజియంలో ఉంది, ఫోన్‌లో పెద్దది చేసి చూడండి.

మీ షీటుని ఎడమ నుంచి కుడికి నిలువు గీతలతో ఎనిమిది భాగాలు చేయండి, పెన్సిల్‌తో లైట్‌గా, అది ఎడమ చెయ్యి. సేతు స్తంభాలో గుడి గోడ పట్టీలో ఆ ఎనిమిది మీద నిలబెట్టండి, ఒక చోట మాత్రం కావాలనే ఆపేయండి, హైన్స్ ఆపినట్టు. కుడి చెయ్యి ఏమో మీ జీపు అరుపు గుర్తులు, అక్షరాల ముక్కలు, గంటలు, ఇవి ఎప్పుడూ గీత మీద మొదలవకూడదు, గీతకి కొంచెం ముందో కొంచెం తర్వాతో మొదలై తర్వాతి గీతని దాటి ఆగాలి. వెంటనే రంగు వేసేయొద్దు. మోండ్రియాన్ రంగు కాగితం టేపులు అంటించి జరిపి పీకి మళ్ళీ అంటించి చూసుకునేవాడు, 1944లో చనిపోయేటప్పటికి పూర్తవ్వని ఆఖరి కాన్వాస్ మీద ఆ ముక్కలు ఇంకా అంటుకునే ఉన్నాయి. మనకి ఆ టేపులకి బదులు రేడియం స్టిక్కర్ షాపులున్నాయి, బండ్ల మీద పేర్లు కట్ చేసేవాళ్ళ దగ్గర కింద పడే ముక్కలు ఒక కవరు నిండా అడిగితే ఊరికే ఇస్తారు, ఎర్రటివి పచ్చటివి అన్నీ. అద్దం మీదో పాత ప్లాస్టిక్ ఫైలు మీదో అంటించి జరుపుకుంటా ఉండండి, పాట పెట్టుకుని. ఒక ముక్క పీకేస్తే మిగతావి వెలవెలబోయాయి అంటే దాన్ని తిరిగి పెట్టండి, తేడా ఏం లేదంటే చెత్తబుట్టలో వేయండి. ఈ స్టేజీకి పెయింటింగ్ కంటే ఎక్కువ టైం ఇవ్వాలి.

రంగులు ఆరే. 1940లో డేవిస్ వేసిన ఒక పెయింటింగ్ పేరులోనే ఆరు రంగులకి అని ఉంది, సెవెంత్ ఎవెన్యూ స్టైల్ అని కూడా ఉంది, ఆయన స్టూడియో ఉన్న వీధి అది. తెలుపు, పసుపు, నీలం, నారింజ, ఎరుపు, నలుపు, వీటిని బ్యాండ్‌లో వాయిద్యాల మాదిరి వాడానన్నాడు, ఒక్కో రంగూ తన గొంతుతో పలుకుతుంది, అన్నీ కలిసి ఒకేసారి వినపడతాయి. ఒక రంగుని ఇంకో రంగులో కలిపి మెత్తగా జారుడు చేయలేదు. మీ ఆరూ మీ లిస్టు నుంచే రావాలి, నేనైతే సున్నం తెలుపు, జాజు ఎరుపు, పసుపు, తులసి ఆకుపచ్చ, టార్పాలిన్ నీలం, నలుపు తీసుకుంటా. ఏడోది పెట్టాలనిపిస్తే ఒకటి తీసేసి పెట్టండి.

ఆరింటినీ ఒక పేపర్ మీద పక్కపక్కన పూసి ఫోన్‌లో బ్లాక్ అండ్ వైట్ ఫోటో తీయండి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ ఒకే బూడిదగా వస్తే వీధి మొత్తం ఒక ముద్ద అవుతుంది, వాటిలో ఒకదాన్ని తెలుపు కలిపి తేల్చండి, ఇంకోదాన్ని లోతు చేయండి. ఇది చాలామంది దాటేస్తారు, తర్వాత ఎందుకో పలకట్లేదు అంటారు.

పోస్టర్ కలర్స్ చవక, మెరుపు లేకుండా ఆరతాయి, చూడ్డానికి బాగుంటాయి, కానీ ఆరిన దాని మీద తడి బ్రష్షు పెడితే కింది రంగు లేచి వస్తుంది, అందుకే ఒక్కో ఆకారం పక్కదానికి ఆనుకునేట్టు వేయాలి గానీ మీద వేయకూడదు. ఆక్రిలిక్ అయితే ఆ బాధ లేదు, త్వరగా ఆరుతుంది, మన ఎండలకి ప్లేటులోనే ఆరిపోతుంది, కొంచెం కొంచెం తీసుకోండి. రంగు దోసె పిండి కన్నా కొంచెం పల్చగా ఉండాలి, రెండు కోట్లు, మొదటిది అడ్డంగా రెండోది నిలువుగా. తిన్నని అంచులకి మాస్కింగ్ టేపు, అంటించే ముందు దాన్ని చొక్కాకి ఒకసారి తాకించి పీకితే జిగురు తగ్గి పేపరు చిరగదు, ఆక్రిలిక్ వాడేవాళ్ళు టేపు అంచు మీద ముందు కింది రంగునే సన్నగా పూసి ఆరనిస్తే కొత్త రంగు కిందికి పాకదు. మామూలు డ్రాయింగ్ షీటు ముడతలు పడుతుంది, హార్డ్‌బోర్డు ముక్కకి తెల్ల ప్రైమర్ కొట్టుకోవడం మేలు.

శ్రీకాళహస్తి కలంకారీ తెలిసిన చేతులకి ఒక మాట, అక్కడ ఇనుప ముక్కలు బెల్లం నీళ్ళలో పులియబెట్టిన నలుపుతో ముందు గీత, తర్వాత లోపల రంగు. ఇక్కడ అట్టా అన్నింటికీ చుట్టూ నల్ల గీత కట్టొద్దు. రెండు రంగులు ఢీకొన్న చోటే అంచు. నలుపు కూడా ఒక రంగు, ఒక వాయిద్యం, దానికీ సొంత ముక్క ఇవ్వండి.

అబ్‌స్ట్రాక్ట్ అంటే చిలకరించడమే కదా అని అడిగేవాళ్ళుంటారు, జాక్సన్ పొలాక్ అనే అమెరికా పెయింటర్‌ని మనసులో పెట్టుకుని. ఆయనా జాజ్ రికార్డులు పగలూ రాత్రీ వినేవాడు, 1947 నుంచి కాన్వాస్ నేల మీద పరిచి రంగు పోసేవాడు, 1961లో ఆర్నెట్ కోల్మన్ జాజ్ రికార్డు అట్ట మీద ఆయన పెయింటింగే వేశారు. అది వేరే దారి, అందులో వీధి బోర్డు కనపడదు, ఇల్లు కడుక్కునే పని మాత్రం కనపడుతుంది.

అంతకన్నా నార్మన్ లూయిస్‌ని చూడండి. 1909లో న్యూయార్క్ హార్లెమ్‌లో పుట్టిన నల్లజాతి పెయింటర్, ఈ సంగీతం పుట్టి పెరిగిన మనుషుల మధ్య బతికినవాడు, 1948లో నల్లగా పూసిన బోర్డు మీద గీకి జాజ్ బ్యాండ్ వేశాడు, తెల్ల సన్న గీతలు అల్లుకుని మనుషులో వాయిద్యాలో తెలియకుండా వణకతా ఉంటాయి. బతికుండగా తెల్ల పెయింటర్లకి వచ్చినంత పేరు ఆయనకి రాలేదు, పెద్ద మ్యూజియం ప్రదర్శన 2015లో, చనిపోయిన 36 ఏళ్ళకి. జాజ్ నల్లవాళ్ళ చేతుల్లో పుట్టింది, గోడ మీద చోటు మాత్రం ముందు వేరేవాళ్ళకి దొరికింది, ఇది తెలియకుండా డేవిస్ రంగుల్ని మెచ్చుకుంటే సగమే తెలుసుకున్నట్టు. లూయిస్ పద్ధతి ఇంట్లో సులువే, చార్టు మీద వాక్స్ క్రేయాన్లు మందంగా రుద్ది, పైన నల్ల పోస్టర్ కలర్‌లో ఒక చుక్క గిన్నెల సబ్బు కలిపి పూసి, ఆరాక పాత పెన్ను మొనతో గీకండి. రాత్రి బస్టాండు లైట్లకి ఇదే సరైన పద్ధతి, పిల్లలతో కలిసి కూడా చేయొచ్చు.

మొదటి పెయింటింగ్ అయ్యాక కొత్త వీధి వెతుక్కోవద్దు. డేవిస్ పైన చెప్పిన 1931 నాటి వీధినే తీసుకుని 1945లో మళ్ళీ మొదలుపెట్టి 1951 దాకా పనిచేశాడు, ఆకారాలు ముక్కలు ముక్కలై కాన్వాస్ అంతా నిండిపోయాయి, కింద ఎముకలు మాత్రం అవే. జాజ్ వాళ్ళు కూడా పాత పాటనే ప్రతి రాత్రీ వేరేగా వాయిస్తారు కదా. మీరు కూడా అదే డ్రాయింగ్ ట్రేస్ చేసుకుని రంగులు మార్చి, ఎనిమిది బదులు ఏడు భాగాలు చేసి, మన ఏడు లెక్కల మిశ్రచాపు తాళం అనుకోండి, మళ్ళీ వేయండి.

చివర్లో సంతకం. మూలలో బుద్ధిగా చిన్నగా చేయొద్దు. డేవిస్ తన పేరుని పెద్దగా, మెలికలు తిప్పి, పెయింటింగ్‌లో ఇంకో బోర్డు మాదిరి పెట్టేవాడు, ఆ రంగుల్లోనే. రేడియం ముక్కలు జరుపుకునేటప్పుడే దానికీ చోటు వదిలిపెట్టుకోండి, తెలుగులోనే రాయండి, తలకట్టు ఏ గీతకి ముందు పడాలో చూసుకుని.